ఆగిన బండిని ముట్టని రోజు

ఆగిన యంత్రాన్ని చూస్తే సిద్దిరాములు చెయ్యి ఊరుకోదు. ఇది పొగడ్త కాదు. అతని బతుకులో వచ్చిన పెద్ద కష్టం ఆ చెయ్యి వల్లే వచ్చిందని నేను అనుకుంటాను. అతను నాకంటే గట్టిగా అనుకుంటాడు.

మాది సిరిసిల్ల. మరమగ్గాన్ని ఇక్కడ సాంచె అంటారు. సిద్దిరాములు మీసాలు రాకముందే సాంచెల షెడ్డులో చేరి, జుట్టు నెరిసేదాకా వాటి మధ్యే నిలబడ్డాడు. నేసిన బట్టను బట్టి కూలి కాబట్టి, సాంచె ఆగితే ఆగినంతసేపు కూలి కూడా ఆగినట్టే. మేస్త్రీ వచ్చి బాగుచేసేదాకా చేతులు కట్టుకొని కూర్చునేవాణ్ణి షెడ్డులో ఎవరూ పనిమంతుడనరు. నట్టు బిగించో, తోలుముక్క ఇరికించో, పేలిక చుట్టో ముందు దాన్ని నడిపించాలి. అది ఎందుకు ఆగిందన్నది తర్వాత చూసుకోవాల్సిన సంగతి. ఆ 'తర్వాత' అనేది చాలాసార్లు రాదు.

నేను బడిపంతులుగా చేసి ఆ షెడ్డు పక్కింట్లోనే రిటైరైనవాణ్ణి. ఆ చప్పుడు మీద జీవితమంతా విసుక్కున్నాను. ఇప్పుడు సగం షెడ్లు మూతపడి వాడంతా చల్లబడితే, ఈ నిశ్శబ్దం మీద విసుక్కుంటున్నాను. నా స్వభావమే అంత.

సిద్దిరాములు భార్య అనసూర్య బీడీలు చుట్టేది. పొద్దున చాట ఒళ్లో పెట్టుకుందంటే మళ్లీ దీపాలు పెట్టే వేళకే దించేది. చుట్టిన బీడీలు తీసుకునేవాడు గుప్పెడు తీసి, ఇవి బాగాలేవని పక్కన పడేస్తే, మిగతా ఆడవాళ్లు గొణుక్కుంటూ ఇళ్లకు పోయేవాళ్లు. అనసూర్య మాత్రం కదిలేది కాదు. "ఏది బాగలేదో నా ముంగట పెట్టి చూపెట్టు. చూపెట్టరాకుంటే లెక్కల రాస్కో" అని అక్కడే చతికిలబడేది. చూపించలేక వాడే రాసుకునేవాడు. మా వాడలో వకీలు కావాల్సిన మనిషి ఎవరైనా ఉన్నారంటే ఆమేనని నేను ఎన్నోసార్లు అన్నాను. ఆమె నవ్వి, వెంటనే దగ్గేది. పొగాకు దుమ్ము ఆమె రొమ్ములో ఎప్పుడో ఇల్లు కట్టుకుంది.

సాంచెల పని పలచబడ్డాక సిద్దిరాములు కారు నేర్చుకున్నాడు. కిరాయిలకు నడుపుకుంటే గడిచిపోతుందనుకున్నాడు. అనసూర్య బీడీల ప్రావిడెంట్ ఫండ్ మొత్తం తీసి ముందుకట్టు కట్టారు, మిగతాది బ్యాంకు ఇచ్చింది. పసుపు నంబరుప్లేటుతో తెల్లబండి వాకిట్లోకి వచ్చిన రోజు ఖానాపూర్‌లో ఇచ్చిన కూతురు రోజారాణి కూడా వచ్చింది. అందరూ అద్దానికి నిమ్మకాయలు కడితే సిద్దిరాములు తన పాత నాడెను వేలాడదీశాడు. సాంచెలో పోగును అటూ ఇటూ మోసుకుపోయే నాడె ఇప్పుడు బండి కుదుపులకు ఊగుతుంటే, దాన్ని చూసి అతను మురిసిపోయేవాడు.

నాలుగు కిరాయిలు తిరిగాడో లేదో, పెళ్లివాళ్లను తీసుకుపోతుండగా బండి నడిరోడ్డు మీద చప్పుడు లేకుండా ఆగిపోయింది. తాళం తిప్పితే పలకదు. సిద్దిరాములు బానెట్ ఎత్తి అదీ ఇదీ కదిపి చూశాడు. ఇంజిన్ పక్కన తీగలు కలిసే చోట ఒకదాన్ని ఊడదీసి, తువ్వాలతో తుడిచి మళ్లీ నొక్కితే బండి నడిచింది. పెళ్లివాళ్లు అతన్ని మెచ్చుకున్నారు. ఆ సాయంత్రం మా ఇంటి గేటు దగ్గర నిలబడి నాతో గొప్పలు చెప్పాడు.

"మన చేతుల బండి ఆగుతదా సారూ."

"కొత్తబండి అసలు ఆగుడేంది? షోరూమ్‌కు తీస్కపో" అన్నాను.

తీసుకుపోయాడు. ఒకసారి కాదు, ఆగినప్పుడల్లా తీసుకుపోయాడు. అయితే ప్రతిసారీ ముందు బండిని నడిపించి, ఆ తర్వాత నడుపుకుంటూ కరీంనగర్ పోయేవాడు. ఆగిన బండిని తాడు కట్టి లాక్కుపోవడం అతనికి నామోషీ. షోరూమ్‌లో అరుణ్‌కుమార్ అనే కుర్రవాడు ఉండేవాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో గుర్తింపుకార్డు పట్టీ, నోట్లో తేనె. వాడు బండికి తీగ తగిలించి కంప్యూటర్‌లో చూసి, ఓ చుట్టు తిప్పి, కడిగి ఇచ్చేవాడు. ఇచ్చే కాగితం మీద ఎప్పుడూ ఒకటే మాట, కస్టమర్ చెప్పిన లోపం కనబడలేదని.

ఒకసారి ఇంగ్లిషు చదువుతానని నన్ను కూడా వెంటబెట్టుకుపోయారు. అనసూర్య సోఫా అంచున కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సార్, బండి మంచిగనే నడుస్తుంది గదా. మీరే నడుపుకుంట వచ్చిన్రు" అన్నాడు అరుణ్‌కుమార్.

"ఆగుతది బిడ్డా. నేను చెయ్యి పెడితే నడుస్తది" అన్నాడు సిద్దిరాములు.

"వారంటీ బండిల బయటోళ్ల చెయ్యి పడొద్దు సార్. రేపు ఏమన్నయితే మా మీదికి రాదు." ఆపైన అనసూర్య వైపు తిరిగి నవ్వాడు. "ఆంటీ, సార్‌కు జర అనుమానం ఎక్కువున్నట్టుంది. ఫికర్ చేయకుండ్రి."

నేను గొంతు పెంచాను. నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చారు. పెద్దమనిషి కోపాన్ని మంచినీళ్లతో చల్లార్చడం వాళ్లకు ఎవరో నేర్పించి ఉంటారు. తిరిగి వచ్చేటప్పుడు అనసూర్య వేములవాడ దగ్గర పడ్డాక అంది, "వాడు ఏది బాగున్నదో చూపెడుతుండు. మనం ఏది బాగలేదో చూపెట్టలేకపోతున్నం."

ఈలోపు కిరాయిలు తగ్గాయి. ఆసుపత్రికి పోయేవాళ్లు, రైలు అందుకునేవాళ్లు సిద్దిరాములు బండి అంటే జంకసాగారు. బ్యాంకు కిస్తీ మాత్రం జంకలేదు. చివరికి నేనే వాళ్లను కరీంనగర్‌లో అంబ్రీన్ అనే వకీలు దగ్గరికి తీసుకుపోయాను. ఆమె నా పాత విద్యార్థి కూతురు. మేడమీద చిన్న ఆఫీసు, ఒక ఫ్యాను, తలమీద దుపట్టా, ముఖంలో బోలెడు ఓపిక. కాగితాలన్నీ మొదటినుంచి చివరిదాకా చదివింది.

"కాకా, చట్టం మీ దిక్కే ఉన్నది" అంది. "వారంటీల ఉన్న బండి ఒకటే బీమారితోని మళ్ల మళ్ల ఆగుతుంటే, బాగుచేసేటందుకు వాళ్లకు మోకా ఇచ్చినంక గూడ బాగుగాకుంటే, కొత్తబండి అడుగొచ్చు. లేకుంటే పైసలు వాపస్ అడుగొచ్చు. షోరూమ్‌ను, బండి చేసిన కంపెనీని, ఇద్దరినీ నిలబెట్టొచ్చు. వాళ్ల హెడ్డాఫీసు ఎక్కడున్నా, మనముండే కాడి వినియోగదారుల కమిషన్‌లనే కేసు ఎయ్యొచ్చు."

"కిరాయికి నడుపుతున్న గదా బిడ్డా. వ్యాపారానికి కొన్నోళ్లకు ఆ చట్టం వర్తించదంటరు" అన్నాడు సిద్దిరాములు.

"మీ బతుకుదెరువుకు మీరే నడుపుకుంటే అది వ్యాపారం కిందికి రాదు. అది నేను చూసుకుంట. గని బండిల దోషం ఉన్నదని చూపాల్సింది మనం. ఇందుల ఒక్క కాయిదంల గూడ బండి ఆగినట్టు లేదు. అన్నిట్ల నడుచుకుంట వచ్చినట్టే ఉన్నది. ఎవరు నడిపిచ్చిన్రు కాకా? మీరే."

సిద్దిరాములు తన చేతులవైపు చూసుకున్నాడు.

"ఈసారి ఆగితే ముట్టొద్దు. బానెట్ లేపొద్దు. కంపెనీ నంబర్‌కు ఫోన్ చేసి, వాళ్ల మనుషులే వచ్చి, ఆగిన బండిని ఆగినట్టే ఎత్తుకపోయేదాక ఆడనే ఉండుండ్రి. ఆగిందని వాళ్లతోనే రాపిచ్చుకోండ్రి. గదొక్కటి ఉంటే సాలు."

"నేను జూస్త బిడ్డా. ముట్టనియ్య" అంది అనసూర్య.

అంతే, ఆనాటినుంచి బండి పెళ్లిచూపుల పిల్లలా బుద్ధిగా నడిచింది. వారంటీ గడువేమో దగ్గరపడుతోంది. కొత్తబండి ఆగిపోవాలని కోరుకునే మొగుడూ పెళ్లాలను నేను అప్పుడే చూశాను. వానలు పట్టాక అనసూర్య దగ్గు ముదిరింది. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునేది. కరీంనగర్‌లో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గర నంబరు దొరికితే, పొద్దున్నే ఇద్దరూ బయల్దేరారు. నేను గొడుగు కింద నిలబడి వాళ్ల గేటు తీశాను. ఆమె ముందుసీట్లో కూర్చుని నావైపు చెయ్యి ఊపింది.

తర్వాత జరిగింది నేను చూడలేదు. సిద్దిరాములు ముక్కలు ముక్కలుగా, ఒక్కోసారి ఒక్కోచోట మొదలుపెట్టి, చాలాసార్లు చెప్పాడు.

వేములవాడ దాటాక, మానేరు నీళ్లు నిలిచిన చోట ఒక ముంపు ఊరు ఉంది. ఊరివాళ్లను లేపి వేరేచోట ఇళ్లిచ్చారు. రోడ్డు పక్కన మొండిగోడలు, వాటి వెనక నీళ్లు తప్ప పిలిస్తే పలికే దిక్కు లేదు. సరిగ్గా అక్కడ, వానలో, బండి ఆగింది. సిద్దిరాములు అలవాటుగా తలుపు తెరిచాడు. అనసూర్య అతని మోచెయ్యి పట్టుకుంది.

"ముట్టకు. ఫోన్ చెయ్యి."

చేశాడు. అవతల ఒక ఆడపిల్ల ఎంతో మర్యాదగా పేరు, బండి నంబరు, ఉన్నచోటు అడిగింది. వాన ఎక్కువగా ఉంది కాబట్టి ఆలస్యం కావచ్చని చెప్పి, ఇంకేమైనా సహాయం కావాలా అని అడిగి పెట్టేసింది.

వాళ్లు ఎదురుచూశారు. అద్దాల మీద ఆవిరి పట్టింది. అనసూర్యకు ఊపిరి బరువైంది. ఆమె దాన్ని దాచుకుంటోందని అతనికి తెలుస్తూనే ఉంది. అంతలో ఆర్టీసీ బస్సు ఒకటి వచ్చింది. సిద్దిరాములు వానలోకి దిగి చెయ్యెత్తి ఆపాడు.

"నువ్వు బస్సుల పో. దవాఖానల కూసో. నేను బండి ఎక్కిచ్చి వస్త" అన్నాడు.

"నేను పోతే నువ్వు ముడుతవు" అంది అనసూర్య.

కండక్టర్ రెండుసార్లు పిలిచాడు. ఆమె పొమ్మని చెయ్యి ఊపింది. బస్సు పోయింది.

 ఆమె అన్నది నిజమేనని సిద్దిరాములు ప్రతిసారీ అంటాడు. ఆమె బస్సెక్కి ఉంటే, ఆ బస్సు మలుపు తిరిగేలోగా తాను బానెట్ ఎత్తి ఉండేవాణ్ణని అంటాడు. మొగుణ్ణి అంత బాగా ఎరిగి ఉండడం కూడా ఆమె ప్రాణం మీదికి తెచ్చింది.

"అనసూర్యా, ఒక్క నిమిషం పని. వేలు పెడితే నడుస్తది. నిన్ను దవాఖానల దింపుత. కేసు పాడుగానీ" అన్నాడు.

"కేసు పాడుగానియ్యాల్నా? ఎన్నేండ్లు చుట్టిన బీడీలు గవి. కూసో."

ఒకసారి ఆగలేక దిగి ముందుకు పోయి బానెట్ మీద చెయ్యి వేశాడు. లోపలినుంచి ఆమె అద్దం తుడిచి, చూపుడువేలు అటూ ఇటూ ఆడించింది. చంటిపిల్లవాణ్ణి పొయ్యి దగ్గరికి రానివ్వని తల్లి చేసినట్టు చేసిందని చెప్పాడు. అతను తిరిగొచ్చి సీట్లో కూర్చుని, రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు. నాడె వాళ్లిద్దరి మధ్య కదలకుండా వేలాడుతోంది.

నూటెనిమిదికి ఎందుకు ఫోన్ చెయ్యలేదని నేను అడిగాను. అడగకుండా ఉండాల్సింది. చేస్తానన్నాడట, మంచిగనే ఉన్నానంది. మళ్లీ అడిగితే కోప్పడింది. ఎప్పుడూ ఆమె మాటే నెగ్గే ఇల్లు అది.

కంపెనీ బండి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఇద్దరు మనుషులు దిగి తాళం తిప్పి చూశారు. పలకలేదు. ఫొటోలు తీశారు, కాగితం మీద రాసి సంతకం పెట్టించుకున్నారు, కారును పైకి లాక్కున్నారు. అనసూర్యను వాళ్ల పక్కనే ముందు కూర్చోబెట్టుకుని కరీంనగర్ తీసుకుపోయారు. డాక్టరు చూసే వేళ అయిపోయింది. పెదవులు నీలంగా మారడం చూసి నేరుగా అత్యవసర విభాగంలో చేర్చుకున్నారు.

రోజారాణి ఖానాపూర్ నుంచి వచ్చేసరికి ముక్కుకు గొట్టం ఉంది. అనసూర్య మొగుణ్ణి దగ్గరికి పిలిచి అడిగింది, "రాసుకున్నరా వాళ్లు?"

"రాసుకున్నరు."

"ఆగిందని రాసిన్రా?"

"ఆగిందనే రాసిన్రు."

"మంచిది" అంది.

ఆపైన ఆమె తెలిసి మాట్లాడింది లేదు. ఆ వారంలోనే పోయింది.

సిద్దిరాములు డాక్టరును కారిడార్‌లో పట్టుకున్నాడు. ఊపిరితిత్తులు ఎప్పుడో పాడైపోయాయని డాక్టరు చెప్పాడు. "పొద్దుగాల్నే తీస్కొచ్చి ఉంటే సారూ?" అని అడిగాడు. డాక్టరు మంచివాడే. కొంచెం ఆలోచించి, చెప్పలేమన్నాడు. ఆ ఒక్క మాటను సిద్దిరాములు ఇంటికి తెచ్చుకున్నాడు. ఏమీ తేడా ఉండేది కాదని ఒక అబద్ధమైనా ఆడి ఉంటే ఆ డాక్టరు సొమ్మేం పోయేదని నాకు ఇప్పటికీ కోపం.

షోరూమ్‌వాళ్లు ఏదో భాగం మార్చి, బండి బాగైంది తీసుకుపొమ్మన్నారు. తెచ్చిన వారంలోనే మళ్లీ ఆగింది. అంబ్రీన్ నోటీసు పంపి కేసు వేసింది. అనసూర్య చావును కూడా అందులో చేర్చాలా అని అడిగింది. సిద్దిరాములు వద్దన్నాడు.

"డాక్టరే చెప్పలేమన్నడు. చూపెట్టలేంది అడగొద్దు బిడ్డా. ఆమె గూడ గట్లనే అంటుండె."

కేసు నడిచింది. బయటి చెయ్యి పడ్డందుకే బండి పాడైందని కంపెనీ వకీలు వాదించాడు. ముట్టకుండా వాళ్ల మనుషులే ఎత్తుకుపోయిన రోజు కాగితాన్ని అంబ్రీన్ ముందు పెట్టింది. కమిషన్ పంపిన నిపుణుడు నడిపి చూస్తే అతని చేతుల్లో కూడా ఆగింది. వాయిదాలకు సిద్దిరాములు ఉతికిన తెల్లచొక్కా వేసుకుని, ఆర్టీసీ బస్సులో పోయి వచ్చేవాడు. ఆ ముంపు ఊరు దగ్గర పడగానే కిటికీ వదిలి అవతలి సీటుకు మారేవాడు. బండి మాత్రం వాకిట్లో టార్పాలిన్ కప్పుకుని ఉండేది.

తీర్పు అతనివైపే వచ్చింది. బండి సొమ్ము తిరిగి ఇవ్వాలి, మానసిక వేదనకు పరిహారం ఇవ్వాలి, బండిని షోరూమ్‌లో అప్పగించాలి. నేను వాళ్ల అరుగుమీద కూర్చుని తెలుగులో చదివి చెప్పాను.

"మానసిక వేదన అంటే ఏంది సారూ?"

"మనసుకు కలిగిన బాధ."

"బండి ఆగినందుకా?"

"అవును."

అతను తల ఊపి, పెరట్లోని గేదెకు నీళ్లు పెట్టడానికి లేచి పోయాడు.

అప్పగించే రోజు తోడు రమ్మన్నాడు. నేను ముందుసీట్లో, అనసూర్య కూర్చున్న చోట కూర్చున్నాను. వాన లేదు. ముంపు ఊరు దాటేటప్పుడు అతను రోడ్డు తప్ప ఏమీ చూడలేదు, బండి కూడా అక్కడ ఏ పేచీ పెట్టలేదు. కరీంనగర్ ఇంకా కొంత ఉందనగా, పత్తిచేల మధ్య, చప్పుడు లేకుండా ఆగింది.

"కంపెనోళ్లకే ఫోన్ కొట్టు. ఇప్పుడిది వాళ్ల బండి" అన్నాను.

సిద్దిరాములు దిగి బానెట్ ఎత్తాడు. నేను కూడా దిగి పక్కన నిలబడ్డాను. రెండు వేళ్లతో తీగ ఊడదీశాడు, తువ్వాల కొసతో తుడిచాడు, మళ్లీ నొక్కాడు. పోయి తాళం తిప్పాడు. బండి నడిచింది. నేను కళ్లద్దాలు తుడుచుకునేలోపు అయిపోయింది.

అతను మళ్లీ వచ్చి, నడుస్తున్న ఇంజిన్ ముందు నిలబడి, ఆ రెండు వేళ్లవైపు చూస్తూ ఉండిపోయాడు.

"చూసినవా అనసూర్యా. గింతే పని" అన్నాడు.

ఆ తర్వాత బానెట్ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఆమె పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. లారీవాడొకడు ఆపి ఏమైందని అడిగితే, ఏమీ లేదు, బండి నడుస్తోందని చెప్పి పంపించాను.

ముఖం తుడుచుకుని వచ్చి కూర్చుని, అద్దానికున్న నాడెను విప్పి జేబులో పెట్టుకున్నాడు. షోరూమ్ గేటులో అరుణ్‌కుమార్ మా కోసమే నిలబడి ఉన్నాడు. బండి ఎప్పటిలాగే నడుచుకుంటూనే లోపలికి పోయింది.